మెయింటెనెన్స్ లెక్క కొనే ముందే చూపించమనండి: తెలంగాణ రెరాకు బహిరంగ లేఖ

తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఛైర్మన్ గారికి, సభ్యులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ మియాపూర్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. మా అసోసియేషన్‌కి కొన్నేళ్లు ట్రెజరర్‌గా లెక్కలు రాశాను. ఇప్పుడు మా తమ్ముడు, మరదలు ఫ్లాట్ కొనాలనుకుంటే వాళ్లతో పాటు నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు వైపు ప్రాజెక్టులు చూస్తున్నాను. మెయింటెనెన్స్ వసూలు చేసేవాళ్ల తిప్పలు తెలుసు, కట్టబోయేవాళ్ల టెన్షన్ ఇప్పుడు దగ్గర్నుంచి చూస్తున్నాను. అందుకే ఈ విన్నపం. ఫ్లాట్ అమ్మకానికి పెట్టినప్పుడే దాని నెలవారీ మెయింటెనెన్స్ ఎలా లెక్కగట్టారో బిల్డరు కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం మీ వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీలో అందరికీ కనిపించాలి. అలా చేయమని మీరు ఆదేశించాలి.

రేటు ఇప్పటికే అందరూ చెబుతున్నారు. కాస్ట్ షీట్‌లో బేస్ ప్రైస్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి అదనం), ఈస్ట్ ఫేసింగ్‌కి అదనం, కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్ అన్నీ అయ్యాక అడుగున రెండు వరసలుంటాయి. కార్పస్ ఫండ్ (పెద్ద రిపేర్లకు దాచే సొమ్ము) చదరపు అడుగుకి ఇంత. అడ్వాన్స్ మెయింటెనెన్స్ అడుగుకి ఇంత చొప్పున 24 నెలలకి ఇంత. అక్కడితో సరి. అడుగుకి రెండున్నర రూపాయలని ఎలా తేల్చారని ఒక సేల్స్ ఆఫీసులో అడిగితే ఎదురుగా కూర్చున్న అబ్బాయి నవ్వి, 'కోటీ ఇరవై లక్షలు పెట్టి కొంటున్నారు, దీనికి ఆలోచిస్తారా సార్?' అన్నాడు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడకూడదని పెద్దలు అన్నారు కదా, మా తమ్ముడు మొహమాటపడి ఊరుకున్నాడు. కానీ అంకుశం ఒక్కసారి కొంటే చాలు. మెయింటెనెన్స్ మేత లాంటిది, ఏనుగు ఉన్నన్నాళ్లూ పెట్టాల్సిందే. హోమ్ లోన్ ఇరవై ఏళ్లకు తీరుతుంది, ఇది ఎప్పటికీ తీరదు.

1,650 అడుగుల ఫ్లాట్‌ని లెక్కకు తీసుకుందాం. అడుగుకి 2.50 చొప్పున నెలకు 4,125 రూపాయలు. ఈ 1,650 అన్నది సేలబుల్ ఏరియా, అంటే మెట్లు, కారిడార్ల వంటి ఉమ్మడి చోటులో మన వాటా కూడా కలిపి చెప్పేది. ఇంట్లో మనం వాడుకునే కార్పెట్ ఏరియా అందులో మూడింట రెండు వంతులు, అటూ ఇటూ. రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా నిర్వచించింది. అయినా హైదరాబాద్‌లో బేరమూ, మెయింటెనెన్సూ ఇంకా సేలబుల్ ఏరియా మీదే నడుస్తున్నాయి. రెండు ప్రాజెక్టులను పోల్చి చూసేవాడికి మొదటి తిరకాసు ఇక్కడే వస్తుంది. ఒకచోట అడుగుకి 3, ఇంకోచోట 3.30 అంటే మొదటిదే చవక అనుకుంటాం. అవే 1,100 అడుగుల కార్పెట్ ఏరియాకి మొదటివాళ్లు 1,750 అనీ, రెండోవాళ్లు 1,570 అనీ రాసుకున్నారనుకోండి. చవక అనుకున్న చోట నెలకు 5,250 కట్టాలి, ఖరీదు అనుకున్న చోట 5,181.

ఆ డబ్బు ఎటు పోతుందో లెక్కలు రాసినవాడిగా చెబుతాను. అన్నిటికన్నా పెద్ద పద్దు మనుషుల జీతాలు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, తోటమాలి, మురుగునీరు శుద్ధిచేసే ఎస్‌టీపీ ఆపరేటర్. ఏజెన్సీ ద్వారా పెట్టుకుంటే జీతం మీద పీఎఫ్, ఈఎస్ఐ, ఏజెన్సీ సర్వీస్ ఛార్జి, ఆ బిల్లు మీద జీఎస్టీ. కనీస వేతనాలు పెరిగినప్పుడల్లా ఇది పెరుగుతుంది, పెరగాలి కూడా. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడే మనిషి జీతంలో కోసి 'మెయింటెనెన్స్ తగ్గించాం' అని జబ్బలు చరుచుకునే అసోసియేషన్లు నాకు తెలుసు. అది పొదుపు అనిపించుకోదు. జీతాల తర్వాత కామన్ కరెంటు బిల్లు: లిఫ్టులు, మోటార్లు, కారిడార్ లైట్లు, ఎస్‌టీపీ బ్లోయర్లు. ఆపైన లిఫ్టుల ఏఎంసీ (ఏడాది సర్వీసు కాంట్రాక్టు), జనరేటర్ డీజిల్, ఫైర్ పంపుల సర్వీసు, ఇన్సూరెన్స్, ఆడిట్ ఫీజు.

బ్రోచర్‌లో మెరిసే స్విమ్మింగ్ పూల్, జిమ్, ఏసీ బ్యాంక్వెట్ హాల్ కూడా ఈ పద్దులోకే వస్తాయి. ప్రతి బొమ్మ వెనకా ఒక మనిషి, ఒక మోటారు, నెలకో బిల్లు ఉంటాయి. వాటిని ఎన్ని ఫ్లాట్లు పంచుకుంటాయన్నది కీలకం. వెయ్యి ఫ్లాట్లున్న చోట పూల్ ఖర్చు ఎవరికీ తెలియదు. అరవై ఫ్లాట్లున్న చోట అదే పూల్ గురించి జనరల్ బాడీ మీటింగ్‌లో గొడవలవుతాయి, చివరికి నీళ్లు తీసేసి తాళం వేస్తారు. అలాగే ఐదంతస్తుల భవనంలో లిఫ్టు ఖర్చుకీ, కోకాపేటలో యాభై అంతస్తుల టవర్‌లో లిఫ్టుల ఖర్చుకీ పోలికే లేదు. కొనేవాడికి ఈ లెక్క ముందే తెలిస్తే 'ఇన్ని సదుపాయాలు మాకెందుకు' అని అడగగలడు. ఇప్పుడైతే అవన్నీ ఫ్రీగా వస్తున్నట్టు చూపిస్తున్నారు.

అసలు మతలబు మొదటి రెండేళ్లలో ఉంది. కొత్త భవనంలో లిఫ్టులకు, పంపులకు, జనరేటర్‌కు వారంటీ ఉంటుంది, ఏఎంసీ ఖర్చు ఇంకా మొదలవదు. సగం ఫ్లాట్లలో జనం దిగరు కాబట్టి నీళ్లూ కరెంటూ తక్కువే. రంగులు కొత్తవి. ఆ సమయంలో అడుగుకి రెండున్నరతో బండి నడుస్తుంది, నడవకపోయినా తక్కువ రేటు అమ్మకానికి పనికొస్తుంది కాబట్టి కొందరు బిల్డర్లు తేడా తామే భరిస్తారు. రెండేళ్లయ్యాక తాళాలు అసోసియేషన్ చేతికొస్తాయి. అప్పటికి అడ్వాన్స్ అయిపోతుంది, వారంటీలు అయిపోతాయి, ఇళ్లన్నీ నిండుతాయి. కొత్త కమిటీ మొదటి బడ్జెట్ వేసేసరికి అడుగుకి 4.50 అని తేలుతుంది. మా లెక్కలోని 1,650 అడుగుల ఇంటికి 4,125 కాస్తా 7,425 అవుతుంది. నెలకు 3,300 ఎక్కువ. ఈఎంఐ కట్టాక మిగిలేదెంతో చూసుకుని ఫ్లాట్ కొన్న కుటుంబానికి ఇది చిన్న దెబ్బ కాదు. తిట్లు మాత్రం కొత్త కమిటీకే పడతాయి. 'బిల్డర్ ఉన్నప్పుడు రెండున్నరే కదా, మీరేం తింటున్నారు?' అన్న మాట ఈ నగరంలో ట్రెజరర్‌గా చేసిన ప్రతివాడూ విని ఉంటాడు.

బిల్డర్లందరినీ ఒకే గాటన కట్టడం లేదు. 'మూడో ఏడాది నుంచి నాలుగు రూపాయలు దాటుతుంది' అని ఉన్నమాట చెప్పినవాళ్లు కూడా మాకు తగిలారు. ఆ మాట విన్న మా మరదలు వెంటనే, 'ఇక్కడ మెయింటెనెన్స్ ఎక్కువ బావగారూ, పక్క ప్రాజెక్టే నయం' అంది. నిజం చెప్పిన బిల్డరు ఒక కొనుగోలుదారుని పోగొట్టుకున్నాడు. అందుకే ఇది ఎవరి మంచితనానికో వదిలేసే విషయం కాదు. అందరూ ఒకే నమూనాలో చెప్పాలన్న నియమం ఉంటేనే నిజం చెప్పినవాడికి నష్టం ఉండదు.

నీళ్ల సంగతి వేరేగా చెప్పాలి. హైదరాబాద్‌లో మెయింటెనెన్స్ రేటును తలకిందులు చేసేది ఇదే. 'మంజీరా వాటర్ ఉందా?' (అంటే జలమండలి సరఫరా చేసే కుళాయి నీళ్లు) అని అడిగితే ప్రతి సేల్స్ ఆఫీసూ ఉందనే చెబుతుంది. ఎంత కనెక్షన్, రోజుకి ఎన్ని లీటర్లకు మంజూరైంది, మొత్తం ఫ్లాట్లు నిండితే ఎన్ని కావాలి, తక్కువ పడింది ఎక్కడి నుంచి తెస్తారు అని అడిగితే 'బోర్లు ఉన్నాయి సార్' అంటారు. ఎండాకాలంలో కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల వైపు బోర్లు ఏ తీరుగా ఎండిపోతాయో అక్కడ ఉండేవాళ్లను అడగండి. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం జనం పడ్డ పాట్లు నగరమంతా చూసింది. మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ల బిల్లే కొన్ని చోట్ల జీతాల బిల్లుతో పోటీ పడుతుంది. ఏడాది సగటు తీసి చెప్పే రేటులో ఈ నాలుగు నెలలు కనిపించవు. నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ జలమండలి 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది. కానీ అపార్ట్‌మెంట్‌కు అది అందాలంటే ముందు జలమండలి కనెక్షన్ ఉండాలి, ఆ గొట్టంలో అన్ని నీళ్లు రావాలి. ట్యాంకర్ నీళ్లకు ఏ ఉచిత పథకమూ లేదు.

జీఎస్టీ మీ పరిధిలోది కాదు, అయినా కొనేవాడి జేబుకు సంబంధించింది కాబట్టి రెండు ముక్కలు. అసోసియేషన్ తన సభ్యుల దగ్గర నెలకు 7,500 రూపాయల దాకా వసూలు చేస్తే జీఎస్టీ లేదు. ఈ మినహాయింపు లాభాపేక్ష లేని సంఘం తన సభ్యులకు చేసే సేవకు ఇచ్చింది, బిల్డరుకు కాదు. కాబట్టి అదే 4,125ను బిల్డరు 24 నెలల అడ్వాన్సుగా తీసుకుంటే 99,000 మీద 18 శాతం, అంటే 17,820 రూపాయలు అదనంగా పడుతుంది. అసోసియేషన్ తొందరగా ఏర్పడి తానే నెలనెలా వసూలు చేసుకుంటే ఈ పన్నే ఉండదు. ఇక 7,500 దాటితే ఏమవుతుందో చూడండి. అడుగుకి 4.50 ఉన్నంతవరకు 7,425, పన్ను లేదు. పది పైసలు పెంచి 4.60 చేస్తే 7,590. అసోసియేషన్ వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటి ఉంటే, 2019 జులైలో వచ్చిన కేంద్ర సర్క్యులర్ ప్రకారం మొత్తం 7,590 మీద 18 శాతం, 1,366 రూపాయలు కట్టాలి. 2021 జులైలో మద్రాసు హైకోర్టు చెప్పినట్టు దాటిన 90 రూపాయల మీదే లెక్కేస్తే పడేది 16 రూపాయలు. పదహారుకీ పదమూడు వందల అరవై ఆరుకీ మధ్య ఏది కట్టాలో ఒక్కో ఆడిటర్ ఒక్కో మాట చెబుతాడు.

కార్పస్ ఫండ్ దగ్గరికొస్తాను. ఇది నెలవారీ ఖర్చు కోసం కాదు. లిఫ్టు మార్చాల్సి వచ్చినప్పుడు, బయట గోడలకు రంగులు వేసేటప్పుడు, పైపులు కుళ్లిపోయినప్పుడు వాడుకోవడానికి దాచిపెట్టే సొమ్ము. అడుగుకి 75 చొప్పున 1,650 అడుగులకు 1,23,750. ఇలాంటి ఫ్లాట్లు 300 ఉంటే 3 కోట్ల 71 లక్షలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి దాదాపు 26 లక్షలు. ఈ సొమ్మును హ్యాండోవర్ దాకా బిల్డరు తన దగ్గరే ఉంచుకుంటాడు. ఎక్కడ ఉంచాడు, ఏ ఖాతాలో, వడ్డీ ఎవరిది అని అడిగే హక్కు కట్టినవాళ్లకు లేదా? అసలు సొమ్ము మాత్రమే తిరిగి ఇచ్చి వడ్డీ మాట ఎత్తనివాళ్లు, 'మెయింటెనెన్స్‌లో లోటు వచ్చింది, కార్పస్‌లోంచి సర్దాం' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఉన్నారు. ప్రాజెక్టు కట్టడానికి తీసుకున్న సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో పెట్టాలని రెరా చట్టం చెబుతోంది. కార్పస్‌కు కూడా వసూలు చేసిన రోజు నుంచే విడి ఖాతా ఉండాలనీ, ఆ ఖాతా స్టేట్‌మెంట్ మూడు నెలలకోసారి ప్రాజెక్టు పేజీలో పెట్టాలనీ మీరు అంటే కాదనేవాడు ఎవడు?

అమ్ముడుపోని ఫ్లాట్ల సంగతి కూడా చెప్పాలి. 300లో 60 మిగిలిపోయాయనుకోండి. వాటి యజమాని బిల్డరే. మిగతా 240 మంది ఎలా కడుతున్నారో ఆయనా అలాగే కట్టాలి. అడుగుకి 4.50 చొప్పున నెలకు 4,45,500 రూపాయలు. 'ఎవరూ ఉండట్లేదు కదా, మేమెందుకు కట్టాలి?' అంటారు. అమెరికాలో ఉంటూ ఇక్కడి ఫ్లాట్‌కి తాళం వేసుకున్న యజమాని ఆ మాటంటే అదే బిల్డరు ఒప్పుకుంటాడా? వారంటీ ఉన్నప్పుడే వచ్చే లీకేజీలు, పగిలిన పైపుల రిపేరు బిల్లులు మెయింటెనెన్స్‌లో రాయడం ఇంకో పద్ధతి. ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు బయటపడే లోపాలను, చెప్పిన 30 రోజుల్లో, పైసా తీసుకోకుండా సరిచేయాలని చట్టంలో 14వ సెక్షన్ ఉంది. తన పని తాను సరిచేసుకున్నందుకు మన దగ్గరే డబ్బు తీసుకోవడం అన్నమాట.

అసోసియేషన్ చేతికి వచ్చేదాకా అత్యావశ్యక సేవలు 'సహేతుకమైన' ఛార్జీలకు అందించాలని 11వ సెక్షన్ బిల్డరుకు చెప్పింది. లెక్క బయటపెట్టకుండా ఒక ఛార్జీ సహేతుకమా కాదా అన్నది మీరు మాత్రం ఎలా తేలుస్తారు? ఫిర్యాదు వచ్చాక బిల్లులు తెప్పించుకుని చూడటం కన్నా ముందే ఒక కాగితం దగ్గరుంటే మీ పనీ తేలికవుతుంది. సగానికి మించి ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా చూడాలని అదే సెక్షన్ అంటోంది. ఇది సరిగ్గా జరిగితే పైన చెప్పిన గొడవల్లో సగం పుట్టవు, ఎందుకంటే హ్యాండోవర్‌కు ముందే లెక్క అడిగే మనుషులు ఒకచోట ఉంటారు. నేను చూసినంతలో అందరూ గృహప్రవేశాలు అయ్యాకే ఒకరినొకరు పరిచయం చేసుకుంటున్నారు.

మా తమ్ముడు పాత ఫ్లాట్లు కూడా చూస్తున్నాడు. అక్కడ ఇంకో గొయ్యి ఉంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) తీస్తే బ్యాంకు తనఖా కనిపిస్తుంది. పాత యజమాని మూడేళ్లుగా ఎగ్గొట్టిన మెయింటెనెన్స్ కనిపించదు. రిజిస్ట్రేషన్ అయ్యాక సామాన్లతో దిగితే గేటు దగ్గర అసోసియేషన్ వాళ్లు బకాయి చీటీ చేతిలో పెడతారు. వచ్చే ఏడాది రంగులకు ఫ్లాటుకి యాభై వేలు వసూలు చేయాలని మీటింగ్‌లో తీర్మానం చేసుకున్న సంగతీ అమ్మేవాడు చెప్పడు. కెనడాలోని ఒంటారియోలో దీనికి ఒక ఏర్పాటు ఉంది, టొరంటో చుట్టుపక్కల కాండో (అక్కడ ఫ్లాట్‌ని అలా అంటారు) కొన్న మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. 'స్టేటస్ సర్టిఫికెట్' అంటారు. కొనేవాడు గరిష్ఠంగా 100 డాలర్లు కట్టి అడిగితే, కాండో కార్పొరేషన్ (అక్కడి ఫ్లాట్ యజమానుల సంఘం) పది రోజుల్లో ఇవ్వాలి. ఆ ఫ్లాట్ మీద బకాయిలు, ఈ ఏడాది బడ్జెట్, రిజర్వ్ ఫండ్‌లో ఉన్న సొమ్ము, ముందున్న అదనపు వసూళ్లు, కోర్టు కేసులు అన్నీ అందులో ఉంటాయి. అందులో రాసినదానికి కార్పొరేషన్ కట్టుబడి ఉండాలి. తర్వాత వచ్చి 'ఇంకో రెండు వేల డాలర్ల బకాయి ఉంది, రాయడం మరిచాం' అంటే కుదరదు.

పాత ఫ్లాట్ల అమ్మకాలు నేరుగా మీ చేతిలో లేవు. కానీ ప్రభుత్వానికి సిఫార్సులు చేసే అధికారం 32వ సెక్షన్ మీకిచ్చింది. అసోసియేషన్ ఇచ్చే బకాయిల పత్రం జతచేయకుండా ఫ్లాట్ రీసేల్ రిజిస్ట్రేషన్ జరగకూడదని ఒక సిఫార్సు పంపండి. దానికి వేలకు వేలు వసూలు చేయకుండా ఫీజుకు ఒక హద్దు కూడా పెట్టమనండి, ఎందుకంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) పేరుతో దండుకునే కమిటీలూ తక్కువేం లేవు.

కొత్త ప్రాజెక్టుల విషయంలో మాత్రం మీరు ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ప్రాజెక్టు పేజీలో బిల్డరు పెట్టాల్సిన సమాచారం జాబితా 11వ సెక్షన్ మొదట్లోనే ఉంది. ఆ జాబితా చివర, ప్రాధికార సంస్థ (అంటే మీరే) నిబంధనల ద్వారా సూచించే ఇతర సమాచారం కూడా పెట్టాలని రాసి ఉంది. మీరు ఇచ్చే ఆదేశాలకు బిల్డర్లు కట్టుబడి ఉండాలని 37వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండూ చాలు. అడిగేది ఒక్క పేజీ: జీతాలు, కరెంటు, నీళ్లు, లిఫ్టులు, ఎస్‌టీపీ, క్లబ్‌హౌస్ విడివిడిగా, ఇళ్లన్నీ నిండాక, వారంటీలు అయ్యాక మూడో ఏడాదికి అంచనా. రేటు సేలబుల్ ఏరియాకీ, కార్పెట్ ఏరియాకీ రెండు రకాలుగా. రోజుకి కావాల్సిన నీళ్లు, మంజూరైన నీళ్లు పక్కపక్కన. కార్పస్ ఉన్న బ్యాంకు ఖాతా వివరం. అమ్ముడుపోని ఫ్లాట్లకు బిల్డరు వాటా కడతానన్న హామీ. అంచనా అన్నాక పైసా తేడా లేకుండా రావాలని ఎవరూ అడగరు. ధరలు పెరుగుతాయని అందరికీ తెలుసు. రెండున్నర అని చెప్పి నాలుగున్నరకు చేరితే ఎందుకు చేరిందో చూపించడానికి ఒక ఆధారం ఉంటే చాలు.

మా తమ్ముడు బుక్ చేయబోయే ప్రాజెక్టుకు మీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. ఆ పేజీ తెరిస్తే ప్లాన్లు, అనుమతులు, ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో అన్నీ చూశాం, బాగున్నాయి. బుకింగ్ డబ్బు కట్టడానికి ఇంకా టైముంది. ఈలోగా పైన చెప్పిన ప్రశ్నలన్నీ రాసి ఆ సేల్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టాం, సమాధానం వస్తే దాని కాపీ మీ కార్యాలయానికి కూడా పంపిస్తాను.

ఇట్లు,
మియాపూర్ నుంచి ఒక ఫ్లాట్ యజమాని, మాజీ ట్రెజరర్